నలభై రెండో సైకిలు

చవితి చందాల్లో
పదిహేడు వందల ముప్పై మిగిలింది.
సౌండు బాక్సు కొందామన్నాడు ఎర్నాయుడు.
మా క్లబ్బుకి ఆఫీసంటే
నెల్లిమర్లలో నా పంచర్ల కొట్టు ముందు
బోర్లించిన రెండు లారీ టైర్లూ, ఒక బెంచీ.
రొంగలి సన్యాసమ్మ మినిట్స్ పుస్తకం మూసి
పెన్ను దాని మీద పెట్టి
ఒకటే అడిగింది:
"మొన్న వంతెన మీద పడ్డ సైకిలు
పట్టుకెళ్లడానికి ఎవరైనా వచ్చారా?"

రాలేదు.
అదింకా కొట్టు వెనకాలే ఉంది
వెనక చక్రం అప్పడంలా ముడుచుకుని.
సీటు కింద దూర్చిన గుడ్డకి
ఇంకా గోనెనార వాసన.

సౌండు బాక్సు మాట
మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వీధి దీపాల కోసం అర్జీ పెట్టాం.
'అందినది' అని గుండ్రటి ముద్ర పడింది.
రెండో అర్జీ మీదా అంతే గుండ్రంగా.
మూడోసారి గుమస్తాగారు తలెత్తి
"ఇంతకీ మీరే పార్టీ?" అన్నారు.
"రెండో షిఫ్టు పార్టీ అండి" అంది సన్యాసమ్మ.
ఆయన నవ్వాడు.
ముద్ర మాత్రం పాతదే.

విజయనగరం వెళ్లాం.
మూడు లాంతర్ల దగ్గర రేడియం కొట్టువాడు
ఎర్ర చుట్ట విప్పి బెత్తెలతో కొలుస్తుంటే
దీపం లేని రోడ్డు కోసం
లాంతర్ల పేరున్న చోట బేరమాడుతున్నామని
అప్పుడు తట్టలేదు.
ఇది రాస్తుంటే తట్టింది.

రాత్రి పది. మిల్లు సైరను.
గేటుకి ఎదర బల్ల వేసుకుని కూచున్నాం.
కనుబొమల మీద నార దుమ్ముతో
హ్యాండిలుకి క్యారేజీలు ఊగుతుంటే
వచ్చారు వాళ్లు.
మడ్గార్డు తుడవడం, అతకడం, బొటనవేలితో అదమడం.
"డబ్బులెంత బావూ?"
"వద్దు మావా."
"అయితే ఓట్లొచ్చాయేటి?"
"నేదు. లారీలొస్తన్నాయి."

పైడయ్య తాత ఆగలేదు.
"ముప్పయ్యేళ్లు తొక్కినాను. ఈ రోడ్డు నాకు తెల్దేటి?
నా ఎనకాల కాదురా గుంటల్లారా,
ఆ లారీవోడి కళ్లకి అతికించండి!"
అనేసి చీకట్లోకి ఎలిపోనాడు.

మాకు కోపం రావాలి. వచ్చింది కూడా.
ఎర్నాయుడు మాత్రం
"ఆ మాట కూడా రాసీ అప్పా" అన్నాడు.
రాసింది.
దాని కిందే మర్నాటి పని:
లారీలాగే టీ బడ్డీ దగ్గర
ఒక డ్రమ్ము నీళ్లు, ఒక చెంబు.

మొదటి రాత్రి మొహం కడుక్కున్న డ్రైవరు
తెలుగు రానివాడు.
వంతెన వైపు చెయ్యి చూపించి
పెడలు తొక్కుతున్నట్టు కాళ్లాడించాడు ఎర్నాయుడు.
అతను చాలాసేపు నవ్వి
మరో చెంబు పోసుకున్నాడు.

శనివారం వంతెన మీద నిలబడ్డాం.
కింద చంపావతి ఉందో లేదో తెలియనంత చీకటి.
లారీ లైటు ఒకటి మలుపు తిరిగేసరికి
ఎర్రగా ఒకటి, పక్కన రెండు,
తర్వాత వరసంతా.
లారీ నిదానించింది.
నా కళ్లతో చూశాను, నిదానించింది.

లెక్కపెట్టడం మొదలెట్టాం.
ఇన్నాళ్లూ ఎంతమంది ఈ దారిన ఇళ్లకి పోతున్నారో
మిల్లు హాజరు పట్టీకి తెలుసు గానీ
ఊరికి తెలీదు.
ముప్పై ఎనిమిది. నలభై. నలభై ఒకటి.
సన్యాసమ్మ పుస్తకం మూయబోయింది.

ఆగమన్నాను.

మొహాలకన్నా ముందు
నాకు సైకిళ్లు చప్పుడుతో తెలుసు.
చైను కవరుకి తగిలే పెడలు:
కిర్రు, టక్కు. కిర్రు, టక్కు.
డబ్బులొద్దు, సరిచేస్తానంటే
"ఉండనీరా, తోడుంటాది" అనే మనిషిది.

"తాతా!"
ముగ్గురం ఒకేసారి అరిచాం.

ఏ ఎరుపూ లేని చోటు నుంచి
కాస్త విసుగ్గా,
"ఆఁ... ఉన్నాన్రా."

పుస్తకంలో ఆ వరస
కొట్టుకొచ్చిన వాళ్లకి ఇప్పటికీ చూపిస్తాను.
సన్యాసమ్మ రాత, కొంచెం వంకరగా,
చీకట్లో రాసింది కదా:
నలభై రెండు. గుర్తు: గొంతు.